కారు చూపిద్దాం రండి
(పెద్ద తరగతుల పిల్లలకు, ఆదివారం పొద్దున్నే వాళ్ళని లేపి బడికి తీసుకువచ్చే తల్లిదండ్రులకు ఒక పాఠం)

ప్రతి ఏడూ ఈ సంచికకి మేము రాసే పాఠం ఏ పండుగ మీదో, పద్యం మీదో ఉంటుంది. ఈసారి కారు మీద రాస్తున్నాం. తెలుగు బడి పుస్తకంలో కారేమిటని మీరు అడగవచ్చు. కారణం ఉంది.

మా పెద్దవాడికి పద్నాలుగేళ్ళు. ఆరేళ్ళుగా తెలుగు బడికి వస్తున్నాడు. చదవగలడు, రాయగలడు, ఒత్తులు కూడా బాగానే పెడతాడు. 2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం బూట్లు వేసుకుంటూ, వచ్చే ఏడాది ఇక రానని చెప్పేశాడు. ఎందుకురా అంటే, తనకి ఇష్టమైనవేవీ తెలుగులో లేవనీ, ఎప్పుడు చూసినా కాకి, కుండ, రాజుగారి కథలేననీ అన్నాడు. ఆ మాటైనా ఇంగ్లీషులోనే అన్నాడు. ఆ కాకి కథ చెప్పేది మేమే కాబట్టి మాకు బాగానే తగిలింది.

వాడికి ఇష్టమైనది మా గరాజులో ఉంది. 1991 నాటి ఎర్ర మాజ్డా మియాటా. మూడేళ్ళ ముందు పాతదే కొన్నాం. ఆ ఆగస్టులో మా ఊరి కార్ల క్లబ్బు వాళ్ళ ప్రదర్శనలో దాన్ని పెట్టాలని వాడి కోరిక. సరిగ్గా ఆ వేసవిలోనే గుంటూరు జిల్లా నుంచి పిల్లల తాతయ్యగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మనవడికి కారు ఇంగ్లీషులో తెలుసు. తాతయ్యకి బండి తెలుగులో తెలుసు. ఇద్దరూ ఒకే గరాజులో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా పాఠం అక్కడ మొదలైంది.

ముందు కారు సంగతి

మియాటా రెండే సీట్లున్న చిన్న కారు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయవచ్చు. 1950లు, 60లలో ఇంగ్లండులో ఎంజీ, ట్రయంఫ్, లోటస్ కంపెనీలు ఇలాంటి కార్లు చేసేవి. చూడటానికి ముచ్చటగా ఉండేవి కానీ నూనె కార్చడంలోనూ, వానలో మొరాయించడంలోనూ పేరు మోసినవి. 1980 నాటికి అలాంటివి చాలావరకు కనుమరుగయ్యాయి. బాబ్ హాల్ అనే అమెరికన్ విలేకరి 1979లో మాజ్డా కంపెనీ పరిశోధన విభాగంలో పెద్ద అయిన కెనిచి యమమోటోతో మాట్లాడుతూ, అలాంటి తేలికైన కారు మళ్ళీ ఎవరైనా చేస్తే బాగుంటుందన్నాడు. తరువాత ఆయన ఆ కంపెనీలోనే చేరాడు. చివరికి 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటాని జనానికి చూపించారు. అంటే ఈ కారు లోకానికి తెలిసిందే ఒక ప్రదర్శనలో.

అప్పటి ధర 13,800 డాలర్లు. 1.6 లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, 116 హార్స్‌పవర్. బరువు సుమారు 2,200 పౌన్లు. మనందరి ఇళ్ళ ముందు ఉండే మినీవ్యాన్ దీనికి రెండింతలు తూగుతుంది. వేగంగా పోతుందని కాదు, చెప్పిన మాట వింటుందని ఈ కారుని ఇష్టపడతారు. జపాన్ ఇంజనీర్లు తమ లక్ష్యానికి "జింబా ఇత్తాయ్" అని పేరు పెట్టుకున్నారు. గుర్రమూ, రౌతూ ఒకటే అయిపోవడం అని అర్థం. మనకి "రౌతు కొద్దీ గుర్రం" అనే సామెత ఉంది. రెండూ ఒకటి కాదు, గమనించండి. జపాన్ మాట ఇద్దరి కలయిక గురించి చెబుతుంది. మన సామెత, గుర్రం ఎలా నడుస్తుందో అది ఎక్కినవాడి చేతిలో ఉందంటుంది. క్లచ్ నేర్చుకునేవాళ్ళకి మన సామెతే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం.

2000లో గిన్నిస్ వాళ్ళు దీన్ని ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గుర్తించారు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది.

మేముండేది డెట్రాయిట్ దగ్గర. 1909లోనే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేసిన ఊరు అది. అదే రోడ్డు మీద 1995లో మొదలైన డ్రీమ్ క్రూజ్‌కి ఆగస్టులో పాత కార్లు బారులు తీరుతాయి. మా మిషిగన్‌లో 25 ఏళ్ళు దాటిన కారుకి చారిత్రక వాహనం ప్లేటు తీసుకోవచ్చు. ఆ ప్లేటుతో ప్రదర్శనలకీ, ఊరేగింపులకీ, క్లబ్బు పనులకీ మాత్రమే నడపాలి. ఒక్క ఆగస్టు నెలలో మామూలు కారులాగే తిప్పుకోవచ్చు. పెళ్ళిళ్ళకి మూఢం లేని నెలలాగా అన్నమాట.

బానెట్టు, డిక్కీ, స్టెప్నీ

మొదటి రోజు గరాజులో జరిగింది ఇది. తాతయ్య "బానెట్టు లేపరా" అన్నారు. వాడు తెల్లబోయాడు. చేత్తో చూపిస్తే "ఓ, హుడ్!" అన్నాడు. ఈసారి ఆయన తెల్లబోయారు. తరువాత "స్టెప్నీ ఉందా?" అన్నారు. వాడికి అసలే తెలియలేదు. ఆయనే వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచారు. స్పేర్ చక్రం పక్కన బ్యాటరీ కనిపించింది.

"ఇదేందిరా, బ్యాటరీ తెచ్చి డిక్కీలో పెట్టారు?"

ఎందుకో వాడికి బాగా తెలుసు. ఇంజను ముందుంది కాబట్టి బ్యాటరీని వెనక పెడితే ముందూ వెనకా బరువు దాదాపు సమానమవుతుంది. ఇంగ్లీషులో అయితే పది నిమిషాలు చెప్పగలడు. తెలుగులో "ఎందుకంటే..." అని ఆగిపోయాడు. మేము పక్కనే ఉన్నాం. మాట అందించబోయి ఊరుకున్నాం. వాడు రెండు చేతులూ చాచి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఊపి, చివరికి రెండూ సమానంగా నిలిపాడు.

"తూకం కోసమా?" అన్నారు తాతయ్య.

"అవును, తూకం! తూకం కోసం, తాతయ్యా!"

ఆరేళ్ళలో మేము వాడికి నేర్పిన మాటల్లో వాడు అంత గట్టిగా అరిచి పలికినది ఒక్కటీ లేదు.

ఇక మాటల సంగతి. బానెట్టు, డిక్కీ అనేవి బ్రిటిష్ వాళ్ళు మన దేశంలో వదిలి వెళ్ళిన మాటలు. పూర్వం కొన్ని కార్లకి వెనక భాగంలో మడత సీటు ఉండేది. దాని పేరు డిక్కీ. సీటు పోయింది, పేరు మిగిలింది. స్టెప్నీ కథ ఇంకా బాగుంటుంది. కార్లకి స్పేర్ చక్రం ఇవ్వని రోజుల్లో, 1904లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్ళో, స్టెప్నీ వీధిలో ఇద్దరు అన్నదమ్ములు ఆ చక్రాలు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరు మన లారీ డ్రైవర్ల నోట్లో ఇప్పటికీ బతికే ఉంది. అమెరికా పిల్లలకి "మఫ్లర్" అంటే తెలుస్తుంది, తాతయ్యలకి "సైలెన్సర్" అంటే తెలుస్తుంది. ఇక్కడ కారులో గ్యాస్ పోయిస్తాం. అక్కడ గ్యాస్ అంటే వంటింట్లో సిలిండరు. సొట్టలు తీసే పనిని అక్కడ "టింకరింగ్" అంటారు.

ఇవన్నీ ఇంగ్లీషు మాటలే కదా, తెలుగేముంది అంటారేమో. ఎడ్లబండి దగ్గరికి వెళ్దాం. రెండు చక్రాలనీ కలిపే కడ్డీ ఇరుసు. చక్రం మధ్య నుంచి అంచుకి పోయే పుల్లలు ఆకులు. ఎద్దుల మెడ మీద ఉండేది కాడి. ఇరుసుకి పూసే జిడ్డు కందెన. కందెన పెట్టకపోతే సాక్షాత్తూ శివుడి బండి అయినా కదలదని సుమతీ శతకంలో ఒక పద్యం చెబుతుంది. మన మూడో తరగతి పిల్లలు అప్పజెప్పే పద్యమే. మియాటా కింద దూరి చూస్తే వెనక చక్రాలకి రెండు ఇరుసులున్నాయి. వాటి కీళ్ళ మీద రబ్బరు తొడుగులు, లోపల కందెన. తొడుగు చిరిగితే కందెన బయటికి చిమ్ముతుంది, మట్టి లోపలికి పోతుంది, కీలు అరుగుతుంది. ఆ పద్యం మా వాడికి మూడేళ్ళుగా నోటికి వచ్చు. అర్థం ఆ రోజు కారు కింద పడుకుని తెలుసుకున్నాడు.

ఇంజను పని కూడా తాతయ్య నాలుగు మాటల్లో చెప్పారు: పీల్చు, నొక్కు, మండించు, వదులు. గాలినీ పెట్రోలునీ పీలుస్తుంది, పిస్టను పైకి వచ్చి నొక్కుతుంది, నిప్పురవ్వతో మండిస్తుంది, పొగ వదులుతుంది. డిపోలో కొత్త కుర్రాళ్ళకి ఇలాగే నేర్పేవారట. డీజిలు బస్సుకి మాత్రం నిప్పురవ్వ ఉండదు, గట్టిగా నొక్కిన వేడికే మండుతుంది. ఈ నాలుగు పనులకీ ఇంజను రెండు చుట్లు తిరగాలి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకి ఎన్నిసార్లు మండుతుందో లెక్క కట్టండి. జవాబు పాఠం చివర ఉంది.

తుప్పు

ప్రదర్శనకి కారుని సిద్ధం చేయడం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఎండలో కడగకూడదు. చక్రాలకి వేరే గుడ్డ, ఒంటికి వేరే గుడ్డ. రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. లేకపోతే తీసిన ఇసుకే మళ్ళీ రంగుని గీస్తుంది. మియాటా వెనక అద్దం గాజు కాదు, ప్లాస్టిక్. అమ్మోనియా ఉన్న గాజు క్లీనరు దానికి తగలనివ్వకూడదు. మసకబారిపోతుంది.

అసలు చిక్కు తుప్పుతో వచ్చింది. ఇనుముకి పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఈ తేడా రాసుకోండి. ఈ కారు గుడ్డ కప్పు మీద పడిన వాన, సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి కిందికి పోతుంది. వాటికి ఆకులు అడ్డుపడితే నీళ్ళు తలుపు కింది రేకు లోపల నిలుస్తాయి. మేము మొదటి ఏడాది కారుని మేపుల్ చెట్టు కింద ఉంచాం. గొట్టాల సంగతి మాకు తెలియదు. 2024 జూన్‌కల్లా కుడివైపు తలుపు కింద రంగు బుడగలు కట్టింది. తాతయ్య వేలి కణుపుతో రేకు పొడవునా కొట్టుకుంటూ వచ్చారు. బాగున్నచోట ఠంగుమంది. బుడగల దగ్గర మెత్తగా బొద్దుమంది.

ప్రదర్శనకి ఏడు వారాలు ఉంది. మా వాడు లప్పం పెట్టి, రంగు కొట్టి కప్పేద్దామన్నాడు. తుప్పున్న కారుని చూస్తే అందరూ నవ్వుతారని వాడి భయం. తాతయ్య ఒప్పుకోలేదు. "లోపల తినేస్తున్నదాన్ని పైన మూస్తే ఇంకా తొందరగా తింటది. తెరిచి గీకు" అన్నారు. రేకు మార్పించడానికి మా దగ్గర సమయమూ లేదు, డబ్బూ లేదు. గీకి, తుప్పుని ఆపే మందు రాసి వదిలేశాం. ఎర్ర కారు మీద అరచేయంత నల్ల మచ్చ. వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రదర్శన మానేద్దామని కూడా అన్నాడు. మూడో రోజు, అద్దం మీద పెట్టే అట్ట మీద ఆ సంగతి మనమే రాసేద్దామా అని అడిగాడు. కప్పిపెట్టకూడదనుకుంటే చెప్పెయ్యడమే మంచిదని వాడికే తోచింది.

కార్ల ప్రదర్శనల్లో ముందు అద్దం దగ్గర ఒక అట్ట పెడతారు. కారు పేరు, ఏడు, ఇంజను, దాని కథ. మా వాడు రెండు అట్టలు రాశాడు, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. తెలుగుది ఇది. మేము దిద్దింది రెండు అక్షరాలే:

"ఇది 1991 మాజ్డా మియాటా. ఇంజను 1.6 లీటర్లు. గేర్లు అయిదు. దీని దీపాలు కళ్ళలాగా తెరుచుకుంటాయి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, తూకం కోసం. కుడివైపు తలుపు కింద తుప్పు ఉంది. ఆకులు నీళ్ళకి అడ్డం పడ్డాయి. తప్పు మాది, కారుది కాదు. తుప్పు గీకింది నేను, తాతయ్య. మీకు ఏమైనా తెలుసుకోవాలని ఉంటే నన్ను అడగండి."

ప్రదర్శన రోజు

ఒక స్కూలు పార్కింగులో, ఆదివారం పొద్దున ఏడున్నరకి వెళ్ళాం. ఆ వారం తెలుగు బడికి సెలవు పెట్టింది మాస్టార్లే అని గమనించగలరు. పేరు రాయించుకుంటే నంబరు ఇచ్చి ఏ వరసలో నిలపాలో చెప్పారు. ఇలాంటి చోట్ల బహుమతులు ఇచ్చే పద్ధతులు రెండు. పెద్ద పోటీల్లో, అంటే కాలిఫోర్నియాలో 1950లో మొదలైన పెబుల్ బీచ్ లాంటి వాటిలో, న్యాయనిర్ణేతలు కాగితం పట్టుకుని వచ్చి మార్కులు వేస్తారు. చిన్న మర కూడా కంపెనీ బిగించినప్పటిలాగే ఉందా అని చూస్తారు. మా ఊరి క్లబ్బులో అదేమీ లేదు. వచ్చినవాళ్ళు నచ్చిన కారు నంబరు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు.

పిల్లలకి ముఖ్యంగా చెప్పవలసింది: అడగకుండా ఎవరి కారునీ తాకకూడదు. నడుముకున్న బెల్టు బకిలు, వీపున ఉన్న సంచి రంగుని గీస్తాయి, కారుని ఆనుకుని నిలబడవద్దు. "లోపల చూడొచ్చా?" అని అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. మా తాతయ్య చేతులు రెండూ వెనక కట్టుకుని వరసంతా తిరిగి వచ్చారు.

మా కారు దగ్గర చిన్నపిల్లలు దీపాల కోసం మూగారు. మీట నొక్కితే దీపాలు లేస్తాయి, మళ్ళీ నొక్కితే మూసుకుంటాయి. పెద్దవాళ్ళు ఆగింది నల్ల మచ్చ దగ్గర. ఒక్కరూ నవ్వలేదు. అట్ట చదివి, తమ కారు ఎక్కడ తుప్పు పట్టిందో చెప్పడం మొదలుపెట్టారు. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఆ కథ లేని ఇల్లు ఉండదు.

పక్కన 1969 కమారో నిలిపిన పెద్దాయన తెలుగు అట్ట చూసి, ఇది ఏ భాష అని అడిగారు. తరువాత తాతయ్యని చూపించి, ఆయన ఏం పని చేసేవారని అడిగారు. మా వాడు తాతయ్యని అడిగి, బస్సులు బాగు చేసేవారని చెప్పాడు. ఒక బస్సు ఎంత దూరం నడిచేదని ఆయన ప్రశ్న. తాతయ్య ఆలోచించి, "పక్కన పెట్టేలోపు ఆరు లక్షల కిలోమీటర్లు తిరిగినవి నా చేతిలో ఉండాయి" అన్నారు. మా వాడు లక్ష దగ్గర తడబడ్డాడు. లక్షని వేలల్లోకి మార్చాలి, కిలోమీటర్లని మైళ్ళలోకి మార్చాలి. వేళ్ళ మీద లెక్కపెట్టి, మూడు లక్షల డెబ్బై వేల మైళ్ళని ఇంగ్లీషులో చెప్పాడు. కమారో పెద్దాయన ఈల వేసి, టోపీ తీసి, తన బానెట్టు ఎత్తి తాతయ్యని రమ్మన్నారు. ఆ తరువాత గంటసేపు ఆ ఇద్దరి మధ్యా నిలబడి మా వాడు అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోశాడు. మేము కుర్చీల్లో కూర్చుని పులిహోర తిన్నాం. రాని మాటకి మా వైపు రెండుసార్లు చూశాడు. "బిగువు" ఒకటి. రెండోది మాకూ రాలేదు, తాతయ్యే చేత్తో చూపించారు.

మాకు పదకొండు ఓట్లు వచ్చాయి. మా వరసలో బహుమతి పసుపు రంగు డాట్సన్ 240జెడ్‌కి వెళ్ళింది. దానికే రావాలి, మేము కూడా దానికే వేశాం.

సెప్టెంబరులో బడి తెరిచినప్పుడు మేము వాడిని ఏమీ అడగలేదు. నెలకి రెండు ఆదివారాలు వస్తానని వాడే బేరం పెట్టాడు. ఒప్పుకున్నాం. తాతయ్య నవంబరులో వెళ్ళిపోయారు. ఇప్పుడు శనివారం రాత్రి ఫోనులో ఆయన అడిగే మొదటి మాట తుప్పు పాకిందా అని.

అభ్యాసం

1. ఈ మాటలకి మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో అడిగి రాయండి: హుడ్, ట్రంక్, స్పేర్ టైర్, మఫ్లర్.

2. తుప్పు, చిలుము, సొట్ట, గీత, ఇరుసు, కందెన. ఒక్కొక్కదానితో ఒక వాక్యం రాయండి. మీ ఇంట్లో ఉన్న వస్తువు గురించే రాయాలి.

3. మీకు బాగా ఇష్టమైన వస్తువుకి ఒక తెలుగు అట్ట తయారు చేయండి. సైకిలు, వయొలిన్, బేస్‌బాల్ గ్లవ్, ఏదైనా సరే. అందులో ఉన్న లోపం ఒకటి తప్పక రాయండి.

4. ఆ అట్టని ఫోనులో తాతయ్యకో, అమ్మమ్మకో, నానమ్మకో చదివి వినిపించండి. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న రాసుకుని వచ్చే ఆదివారం తీసుకురండి.

(లెక్కకి జవాబు: సెకనుకి 50 సార్లు.)